దస్తావేజులలో దాగిన బంధుత్వములు: మట్టెవాడలోని ఒక ఇంటి పత్రముల పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘములలో ఎవరినైనా కుటుంబ చరిత్ర అడిగితే చాలాసార్లు వినిపించేది ఒకే కథ. తాతగారో ముత్తాతగారో ప్రభువును నమ్ముకున్నారు. ఇంటివారు వెలివేశారు. కట్టుబట్టలతో బయటికి వచ్చారు. దేవుడు కాపాడి ఇంతవారిని చేశాడు. సేవలో అడుగుపెట్టిన నాటి నుండి నేను కూడా మా తాతగారి గురించి ఈ సాక్ష్యమునే చెప్పుతూ వచ్చాను. కూటములలో, వివాహములలో, సమాధి కార్యక్రమములలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ కథను నేను ఏ కాగితముతోనూ సరిచూసుకోలేదు. సరిచూడవలసిన అవసరము ఉందని కూడా నాకు తోచలేదు.

వరంగల్ పట్టణములోని పాత పేటలలో మట్టెవాడ ఒకటి. మా తాతగారు పుట్టిన ఇల్లు అక్కడిది. 2010లో మా మేనత్త ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె ట్రంకు పెట్టెలో ఉర్దూలో వ్రాసిన రెండు పత్రములు దొరికాయి. వాటిని చదివించుకున్న తరువాత నేను చెప్పుతూ వచ్చిన సాక్ష్యమును మార్చుకోవలసి వచ్చింది. పాత వీలునామాలు, ఆస్తి దస్తావేజుల ద్వారా కుటుంబ సంబంధములను ఎలా గుర్తించవచ్చునో, అలా గుర్తించినప్పుడు సేవకుని మీద ఏ బాధ్యత పడుతుందో పరిశీలించడమే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

1. పరిశుద్ధ గ్రంథములో ఆస్తి పత్రములు

ఆస్తి పత్రమును లౌకిక విషయముగా కొట్టివేయడము మనలో కొందరికి అలవాటు. గ్రంథము అలా చూడదు. ఆదికాండము 23లో అబ్రాహాము మక్పేలా పొలమును నాలుగు వందల తులముల వెండికి కొన్న సంగతిలో పొలము, గుహ, సరిహద్దులలోని చెట్లు, సాక్షులుగా నిలిచిన ఊరివారు అందరూ లెక్కకు వస్తారు. ఆ అధ్యాయము చదివేటప్పుడు ఒక క్రయ దస్తావేజు చదువుతున్నట్టే ఉంటుంది.

యిర్మీయా 32 ఇంకా స్పష్టము. ప్రవక్త అనాతోతులోని పొలమును పదియేడు తులముల వెండికి కొన్నాడు. అమ్మిన హనమేలు ఎవరు? షల్లూము కుమారుడు, ప్రవక్తకు పినతండ్రి కొడుకు. విడిపించే హక్కు బంధువుకు ఉన్నందువల్లనే అతడు చెరసాల ప్రాంగణములో ఉన్న ప్రవక్త దగ్గరికి వచ్చాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, తెరిచి ఉన్న ప్రతి ఒకటి, సాక్షుల సంతకములు, భద్రపరచుటకు మట్టికుండ, అప్పగించుటకు బారూకు అన్నీ అందులో ఉన్నాయి. ఆ కొనుగోలు వివరము లేకపోతే ప్రవక్త పినతండ్రి కుటుంబమును గురించి మనకు తెలిసేది చాలా తక్కువ.

ఎజ్రా 2:61–63లో దీనికి వ్యతిరేకమైన సంగతి ఉంది. చెర నుండి తిరిగివచ్చిన కొన్ని యాజక కుటుంబములు తమ వంశావళి పత్రములను వెదికినా దొరకలేదు. వారిని యాజకత్వము నుండి వేరుచేశారు. అందులో ఒక కుటుంబపు మూలపురుషుడు భార్య తరపువారైన బర్జిల్లయి పేరు పెట్టుకున్నవాడు. పేరు మారితే పత్రములలో మనిషి తప్పిపోవచ్చు. బాప్తిస్మములో పేరు మార్చుకున్న మన పితరుల విషయములోనూ ఇదే జరుగుతుంది.

సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు స్వాస్థ్యము అడిగారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని గ్రంథము ఐదుగురి పేర్లనూ వ్రాసింది. ఈ వ్యాసము చివరికి వచ్చేసరికి ఆ సంగతి మనకు మరల జ్ఞాపకము రావాలి.

2. బబతా సంచి

లోకచరిత్రలో ఈ విధమైన పరిశోధనకు గొప్ప ఉదాహరణ యూదయ అరణ్యములో దొరికింది. 1961లో యిగాయెల్ యాదీన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు మృతసముద్రపు పడమటి వైపు నహల్ హెవెర్ లోయలోని ఒక గుహలో బబతా అనే స్త్రీకి చెందిన సంచిని కనుగొన్నాడు. అందులో క్రీ.శ. 94 నుండి 132 వరకు గల 35 పత్రములు ఉన్నాయి. అవి గ్రీకు, అరామిక్, నబాతీయ భాషలలో వ్రాయబడ్డాయి.

బబతా రాణి కాదు. ఖర్జూరపు తోటలు గల ఒక కుటుంబపు స్త్రీ మాత్రమే. ఆమె తండ్రి తన ఆస్తిని ఆమె తల్లికి వ్రాసి ఇచ్చిన పత్రము, ఆమె వివాహ ఒడంబడిక, తండ్రి లేని తన కుమారుని సంరక్షకులు పోషణకు చాలినంత ఇవ్వడము లేదని ఆమె చేసిన ఫిర్యాదు, రెండవ భర్త యూదా చనిపోయిన తరువాత అతని మరియొక భార్య మిర్యాముతో వచ్చిన ఆస్తి తగాదా ఇవన్నీ ఆ సంచిలో ఉన్నాయి. వీటి ఆధారముగానే పండితులు మూడు తరముల కుటుంబ వృక్షమును గీయగలిగారు. ఏ చరిత్రకారుడూ ఆమెను గురించి వ్రాయలేదు. తన హక్కు కాపాడుకొనుటకు దాచిన కాగితములే ఆమె చరిత్ర అయ్యాయి. యిర్మీయా కాలములో వలెనే, మూసిన ప్రతి, తెరిచిన ప్రతి ఒకే పత్రములో వ్రాసే పద్ధతి ఆ సంచిలోని కొన్ని పత్రములలో కనిపిస్తుంది.

3. నైజాం కాలపు పత్రములను చదువుట

వరంగల్ ప్రాంతము 1948 వరకు నిజాము రాజ్యములోనిది. కాబట్టి కోస్తా జిల్లాల సేవకులకు తెలిసిన దస్తావేజుల పద్ధతి ఇక్కడ యథాతథముగా పనికిరాదు. ముఖ్యమైన సంగతులను క్లుప్తముగా చూద్దాము.

భాష: నిజాము ప్రభుత్వములో మొదట పారసీకము, 1880ల దశకము నుండి ఉర్దూ కార్యాలయ భాషగా ఉన్నాయి. అమ్మకపు పత్రము బైనామా, తాకట్టు పత్రము రహన్‌నామా, దాన పత్రము హిబానామా, పంపకపు పత్రము తక్సీంనామా, హక్కు వదులుకొన్న పత్రము ఫారిగ్‌ఖతీ, వీలునామా వసీయత్‌నామా. తెల్ల కాగితము మీద వ్రాసుకొని రిజిస్టరు చేయించనిది సాదా బైనామా. ఈ మాట తెలంగాణ పల్లెలలో నేటికీ అందరికీ తెలుసు.

వరుసలు: పత్రములో పేరు తరువాత వచ్చే చిన్న మాటలే మనకు ముఖ్యము. వల్ద్ అంటే ఫలానావాని కుమారుడు. బిన్త్ అంటే కుమార్తె. జౌజా అంటే భార్య. బేవా అంటే విధవరాలు. హమ్‌షీరా అంటే తోబుట్టువైన స్త్రీ. పురుషునికి తండ్రి పేరు తప్పక ఉంటుంది. స్త్రీకి చాలాసార్లు తన పేరే ఉండదు.

తేదీ: ఫసలీ సంవత్సరమును క్రీస్తు శకములోనికి మార్చేటప్పుడు చాలామంది పొరపాటు పడతారు. మద్రాసు రాజధానిలోని ఫసలీ జూలై 1న మొదలవుతుంది. నిజాము రాజ్యపు ఫసలీ అక్టోబరు మొదటి వారములో ఆజూర్ నెలతో మొదలవుతుంది. తరువాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహరేవర్, మెహర్, ఆబాన్ నెలలు వస్తాయి. ఆజూర్ నుండి డిసెంబరు ముగిసేవరకు 590 కలపాలి. జనవరి నుండి 591 కలపాలి. జూలై, ఆగస్టు, సెప్టెంబరులలో పడే తేదీలను మద్రాసు లెక్కతో చదివితే ఒక సంవత్సరము తేడా వస్తుంది.

సొమ్ము: హాలీ సిక్కా నిజాము రూపాయి, కల్దారు బ్రిటిషు రూపాయి. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలకు సమానము.

చతుర్హద్దులు: అన్నదమ్ములు పంచుకొన్న ఇండ్లు పక్కపక్కనే ఉంటాయి. అందువల్ల తూర్పున ఎవరి ఇల్లు, పడమట ఎవరి గోడ అని వ్రాసిన నాలుగు వరుసలు కుటుంబ వృక్షపు కొమ్మల వంటివి. హద్దులో ఉన్న మనిషి తండ్రి పేరు, అమ్మిన మనిషి తండ్రి పేరు ఒకటే అయితే అక్కడ ఆగి వెదకాలి. సాక్షులను కూడా విడిచిపెట్టకూడదు. బావమరదులు, వియ్యంకులు సాక్షి సంతకము చేయడము పరిపాటి.

వ్యవసాయ భూములకు సేత్వార్, పహాణీ, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, యజమాని మరణించినప్పుడు వారసుల పేర వ్రాసే విరాసత్ ఉత్తరువులు ఆధారములు. పట్టణములోని ఇంటికి అవి తక్కువగా దొరుకుతాయి. అక్కడ రిజిస్ట్రేషన్ కార్యాలయపు పుస్తకములే దిక్కు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము స్థిరాస్తి పత్రములు 1వ పుస్తకములో ఉంటాయి. రుసుము చెల్లించి ఎవరైనా వాటిని చూడవచ్చు. వీలునామాలు 3వ పుస్తకములో ఉంటాయి. వ్రాసినవారు బ్రతికి ఉన్నంతకాలము వారికి తప్ప ఇతరులకు నకలు ఇవ్వరు. వారి మరణము తరువాత దరఖాస్తు చేసిన ఎవరికైనా ఇస్తారు. అయితే వీలునామాను రిజిస్టరు చేయించడము తప్పనిసరి కాదు. కాబట్టి పుస్తకములో లేదు గనుక వీలునామాయే లేదని తీర్మానించకూడదు.

4. వీలునామా లేకపోతే: బళ్ళారి అబ్రాహాము కుటుంబము

తెలుగు, కన్నడ భాషల సరిహద్దున ఉన్న బళ్ళారిలో మాథ్యూ అబ్రాహాము అనే క్రైస్తవుడు వ్యాపారములో బాగా సంపాదించాడు. అతని పూర్వికులు హిందూ సమాజములో పంచములుగా ఎంచబడినవారు. భార్య షార్లెట్ ఫాక్స్ ఆంగ్లో ఇండియన్ కుటుంబమునకు చెందినది. అతడు 1842లో వీలునామా వ్రాయకుండా చనిపోయాడు. తమ్ముడు ఫ్రాన్సిస్ తాము హిందూ అవిభక్త కుటుంబము వలె కలిసి ఉన్నామని, ఆస్తిలో తనకు సోదరుని హక్కు ఉందని వాదించాడు. షార్లెట్ తమ కుటుంబము ఆ ఆచారమును విడిచిపెట్టిందని వాదించింది.

ఆ వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్ళి 1863లో తీర్పు వచ్చింది. మతము మారినవానికి హిందూ ధర్మశాస్త్రము తప్పనిసరి కాదని, అయితే అతడు పాత ఆచారమును కొనసాగించుకొనవచ్చునని, అతని నడతను బట్టి దానిని తెలుసుకోవాలని కౌన్సిలు చెప్పింది. ఫ్రాన్సిస్ కోరిన అవిభక్త కుటుంబ హక్కును అంగీకరించలేదు.

ఈ కేసులో మనకు ముఖ్యమైన విషయము ఒకటుంది. ఎవరు ఎవరితో భోజనము చేశారు, ఏ బట్టలు కట్టారు, ఎవరిని పెండ్లాడారు అని సాక్షులను ప్రశ్నించవలసి వచ్చింది. ఒక్క వీలునామా ఉండి ఉంటే ఆ కుటుంబపు సంగతులు కోర్టుకు ఎక్కేవి కావేమో. క్రైస్తవుల వారసత్వము విషయములో 1925 నాటి భారత వారసత్వ చట్టము తరువాతి కాలములో ముఖ్యమైంది. క్రైస్తవుల వీలునామాకు కోర్టులో ప్రొబేటు పొందాలనే నిబంధన 2002 సవరణతో తొలగింది.

5. మట్టెవాడ ఇంటి పత్రములు

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. ట్రంకు పెట్టెలో దొరికిన మొదటి పత్రము తక్సీంనామా. ముగ్గురు అన్నదమ్ములు మట్టెవాడ ఇంటిని పంచుకొన్నారు. రెండవవాడు మా తాతగారు. ఆయన పేరు పత్రములో పాత పేరుగానే ఉంది. తండ్రి పేరు, హద్దులు, తమ్ముని పేరు సరిపోయినందున మనిషి ఆయనే అని తేలింది. పడమటి అర్ర, దాని ముందటి వాకిలి ఆయన భాగము. తేదీ 1343 ఫసలీ మెహర్ నెల.

చదివిపెట్టిన పెద్దమనిషి కోస్తా ప్రాంతములో ఉద్యోగము చేసి వచ్చినవారు. ఆయన అలవాటుగా దానిని 1933 ఆగస్టు అన్నారు. మా సంఘపు పాత రిజిస్టరులో తాతగారి బాప్తిస్మము 1934 ఫిబ్రవరిలో జరిగినట్టు ఉంది. అంటే ముందు పంపకము, తరువాత బాప్తిస్మము, ఆ పిమ్మట వెలి అని అనుకొని నేను తృప్తిపడ్డాను. తరువాత నిజాము రాజ్యపు నెలల పట్టిక చూచినప్పుడు లెక్క తప్పని తెలిసింది. మెహర్ 1343 అంటే 1934 ఆగస్టు. అంటే తాతగారు బాప్తిస్మము పొందిన ఆరు నెలలకు ఆయన అన్నదమ్ములు ఆయనకు సమాన భాగము పంచి ఇచ్చారు. మతము మారినందువల్ల వారసత్వ హక్కు పోదని చెప్పిన 1850 నాటి చట్టము బ్రిటిషు ఇండియాకు సంబంధించినది, నిజాము రాజ్యమునకు కాదు. అయినా వారు ఇచ్చారు.

రెండవ పత్రము ఫారిగ్‌ఖతీ. 1345 ఫసలీ దై నెల, అంటే 1935 నవంబరు. పడమటి అర్ర మీద హక్కును తాతగారు 140 హాలీ రూపాయలకు అన్నగారికి వదులుకొన్నారు. సొమ్ము పూర్తిగా ముట్టిందని వ్రాసి సంతకము చేశారు. కట్టుబట్టలతో అన్న మాట అక్కడితో నిలువలేదు.

అయితే అంతకంటె బరువైన మాట మొదటి పత్రములో ఉంది. వారి హమ్‌షీరా, బేవా, పడమటి అర్రలో ఉన్నంతకాలము ఉండవచ్చునని ఒక వరుస వ్రాసి ఉంది. ఆమె పేరు లేదు. మా నాన్నగారికి ఒక మేనత్త ఉన్నట్టు ఆయనకే తెలియదు. రెండవ పత్రములో ఆమె ప్రస్తావన అసలే లేదు. మా తాతగారు తన చెల్లెలు ఉంటున్న అర్రను, ఆమె మాట ఎత్తకుండా, విడిచిపెట్టి డబ్బు తీసుకొన్నారు.

ఆమె ఏమైంది? రిజిస్ట్రేషన్ కార్యాలయములో కంప్యూటరులో దొరికే ఈసీ 1983 నుండి మాత్రమే. అదృష్టవశాత్తు అదే ఆస్తి మీద 1986లో ఒక దాన పత్రము రిజిస్టరు అయింది. నకలు తీసుకున్నాను. ఆస్తి తనకు ఎలా వచ్చిందో చెప్పే భాగములో వ్రాసి ఇచ్చినావిడ, ఇది మా మేనమామ 1958లో వ్రాసిన వీలునామా ద్వారా నాకు వచ్చిన పడమటి అర్ర అని చెప్పింది. మేనమామ అన్న ఒక్క మాటతో సంబంధము తేలిపోయింది. వ్రాసినావిడ ఆ పేరులేని చెల్లెలి కుమార్తె. ఇంగ్లీషులో అయితే చిన్నాన్న, పెదనాన్న, మామ అందరికీ ఒకటే మాట. తెలుగు పత్రములోని వరుస పిలుపు తల్లి తరపో తండ్రి తరపో తేల్చి చెప్పుతుంది.

2011లో నేను, నాన్నగారు ఆ ఇంటికి వెళ్ళాము. ఆమె దాదాపు ఎనభై ఏళ్ళది. నాకు చిన్నమ్మ వరస. మేమెవరమో చెప్పగానే కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "మీ తాత అర్ర అమ్ముకొని పోయిండు కొడుకా. మిల్లుల పనిచేసెటోనికి కిరాయికి ఇచ్చిండ్రు. మా అవ్వ చెంబు, తపాల వాకిట్ల వడ్డయి. నన్ను సంకల వెట్టుకొని మందిండ్లల్ల ఉన్నది." అజంజాహీ మిల్లు 1934లో మొదలైంది. వరంగల్లులో కిరాయి అర్రలకు గిరాకీ పెరిగిన కాలమది. అన్నగారు పెట్టిన సొమ్ము రాబట్టుకొన్నారు. కొన్నేళ్ళ తరువాత ఆయనే చెల్లెలిని మరల పిలిచి పెట్టుకొన్నారు. 1958 వీలునామాలో, తన తమ్ముడు అమ్ముకొన్న అర్రలో చెల్లెలికి మాట ఇచ్చి తప్పినందున ఆ అర్రను ఆమె కుమార్తెకు ఇస్తున్నట్టు వ్రాశారు. చిన్నమ్మ ఆ వీలునామాను తీసి చూపించింది. అందులో ఆ చెల్లెలి పేరు మొదటిసారి కనిపించింది. నాన్నగారు ఆ పేరును రెండుసార్లు చదివించుకొన్నారు.

నేను మా తాతగారి పక్షముగా క్షమించమని అడిగాను. చిన్నమ్మ, "అయిపోయిన ముచ్చట. అన్నం తిని పోండ్రి" అన్నది. తిని వచ్చాము.

6. ఈ పత్రములు చెప్పనివి

పత్రము ఉన్నంత మాత్రాన సర్వము తెలిసినట్టు కాదు. తాతగారు ఎందుకు అమ్ముకొన్నారో ఫారిగ్‌ఖతీ చెప్పదు. బావి దగ్గర, పంక్తి దగ్గర ఆయనను దూరము పెట్టి ఉండవచ్చు. ఆ వాకిట్లో ఉండలేని స్థితి వచ్చి ఉండవచ్చు. సొమ్ము పూర్తిగా ముట్టిందనే మాట అటువంటి పత్రములన్నిటిలో వ్రాసే మాటే. నిజముగా ఎంత ముట్టిందో తెలియదు. చిన్నమ్మ చెప్పినది కూడా తల్లి నోట విన్న సంగతే. వెలి అనుభవము అబద్ధమని ఈ పత్రములు రుజువు చేయవు. ఆస్తి లాగుకొన్నారనే మాట మాత్రము నిలువదు. తేలినదానిని తేలినంతవరకే చెప్పాలి.

7. సేవకులకు, విద్యార్థులకు కొన్ని సూచనలు

మొదట ఇంట్లోని కాగితములను, బాప్తిస్మపు రిజిస్టరును, వివాహ రిజిస్టరును పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూడండి. పాత పేరు, క్రొత్త పేరు రెండూ ఒక కాగితము మీద వ్రాసుకోండి. ఉర్దూ పత్రమును ఒకరి చేతనే కాక ఇద్దరి చేత విడివిడిగా చదివించండి. పత్రములోని హద్దులను బొమ్మగా గీయండి. ఒక పత్రములో ఉండి మరొక పత్రములో లేని మనిషిని వెదకండి. అటువంటి మనిషి ఎక్కువగా స్త్రీయే అయి ఉంటుంది.

రెండవది, వెళ్ళిన ఇంటివారికి మనము ఆస్తి కోసము రాలేదని మొదటి మాటలోనే చెప్పాలి. పాత దస్తావేజు పట్టుకొని వచ్చిన బంధువును చూచి ఎవరైనా భయపడతారు. వారి అనుమతి లేకుండా వారి పేర్లను, పత్రములను ప్రసంగములో గాని, పత్రికలో గాని వాడకూడదు. ఈ వ్యాసములో పేర్లు లేకపోవుటకు కారణము అదే.

మూడవది, సంఘస్తులను తమ వీలునామా వ్రాసుకొనమని ప్రోత్సహించండి. అందులో కుమార్తెల పేర్లు, విధవలైన తోబుట్టువుల పేర్లు స్పష్టముగా వ్రాయించండి.

ముగింపు

మట్టెవాడ నుండి వచ్చిన తరువాతి ఆదివారము నేను సంఘము ఎదుట మా తాతగారి సాక్ష్యమును సవరించి చెప్పాను. ఆయన ప్రభువును నమ్ముకొన్నది నిజము. అన్నదమ్ములు భాగము ఇచ్చినది నిజము. చెల్లెలికి అన్యాయము జరిగినది నిజము. సభ ముగిసిన తరువాత ఒక పెద్ద నా దగ్గరికి వచ్చి, గతించినవారి సంగతి నలుగురిలో ఎందుకయ్యా అన్నారు. ఇన్నేండ్లు నలుగురిలో చెప్పిన మాటను నలుగురిలోనే దిద్దుకోవాలి గదా అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మరుసటి వారము తమ ఇంట్లోని ఒక పాత పత్రమును చదివించుటకు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

మన పితరులను హతసాక్షులుగా మాత్రమే చూపించాలనే కోరిక మనలో బలముగా ఉంది. దావీదు తప్పును దాచని గ్రంథమును బోధించే మనము మన ఇంటి చరిత్రను మాత్రము కడిగి తుడిచి చెప్పడము సరికాదు. చిన్నమ్మ 2014లో కన్నుమూసింది. ఆమె పిల్లలు మమ్ములను పిలిచారు, మేము వెళ్ళాము. వారి ఆచారము వారిది, మా ప్రార్థన మాది. ఇప్పుడు మా ఇంటి బైబిలు మొదటి పుటలోని వంశావళిలో తాతగారి పక్కన ఆయన చెల్లెలి పేరు కూడా వ్రాసి ఉంది.